చెయ్యి కూడా మిగలాలి

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన ఊరి పేరుతో కుర్చీలున్నాయి, పెట్టెలున్నాయి. పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నంలో తయారైన సరుకది. కర్ర మీద ఏనుగు దంతం పలకలు పొదిగి, ఆ దంతం మీద సన్నటి గీతలతో లతలూ పూలూ చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపారు. 1756లో ఇక్కడికొచ్చిన ఒక ఇంగ్లీషు సైనికాధికారి ఈ ఊరి అద్దకం బట్టల్నీ, ఈ పొదుగుడు పనినీ మెచ్చుకుంటూ రాసిపెట్టాడు. కంపెనీ దొరలు మోజుపడి కొనుక్కుని ఓడల్లో పట్టుకుపోయారు. ఇవాళ అవి విదేశాల్లో వేలానికి వస్తే పాట ఎక్కడికి పోతుందో చూసి కళ్లు తిరుగుతాయి.

దంతం పని ఆగిపోవడం మంచిదే, ఏనుగులు బతకాలి. మా బాధ దాని గురించి కాదు. ఆ గీత గీసినవాడు ఉలి ఎలా పట్టుకునేవాడు? లక్కని ఎంత వేడి మీద పోసేవాడు? కొడుక్కి మొదటిరోజు ఏం నేర్పేవాడు? పని చేస్తూ ఏం పాడుకునేవాడు? వీటిలో ఒక్క ముక్క కూడా మనదాకా రాలేదు. చాలా వస్తువుల మీద ఊరి పేరే తప్ప మనిషి పేరు లేదు. వస్తువు మిగిలింది, చెయ్యి మిగల్లేదు.

అప్పుడు కెమెరా లేదు కాబట్టి ఎవర్నీ అనలేం. ఇప్పుడు మాత్రం ఆ సాకు లేదు. ఈ నగరంలో కాలేజీ పిల్లలు, ఉద్యోగాలు చేసుకుంటూ శని ఆదివారాలు కెమెరా భుజాన వేసుకునేవాళ్లు, ఫోనుతోనే మొత్తం సినిమా కానిచ్చేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ప్రేమకథలూ హారర్ కథలూ తీస్తున్నవాళ్లలో కొందరు మన చుట్టుపక్కల చేతిపనుల వైపు, పేటల కథల వైపు తిరగడం మాకు చాలా సంతోషంగా ఉంది. వాళ్లని మనసారా అభినందిస్తున్నాం. అభినందనతో పాటు రెండు మాటలు చెప్పాలనీ ఉంది, ఎందుకంటే ఈ పని మళ్లీ మళ్లీ చేసే అవకాశం రాదు. పెద్దవాళ్లు వెళ్లిపోతున్నారు.

విశాఖ నుంచి తుని వైపు వెళ్తూ అడ్డరోడ్డు దగ్గర లోపలికి తిరిగితే వరాహ నది ఒడ్డున లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక. ఏ షెడ్డు ముందు నిలబడినా మొదట వినిపించేది లేత్ మిషన్ రొద. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనగానే తెల్లటి పొట్టు రిబ్బన్‌లా లేస్తుంది. ఒకప్పుడు ఒకరు తాడు లాగితే ఇంకొకరు ఉలి పట్టేవారు, ఇప్పుడు తిప్పే పని మోటారుది. ఆకారం తేలాక రంగు లక్క కడ్డీ అందుకుంటారు. తిరుగుతున్న కర్రకి దాన్ని అదిమితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. బ్రష్షు లేదు, పొయ్యి లేదు. గట్టిగా నొక్కితే రంగు ముద్ద కడుతుంది, మెల్లగా నొక్కితే పట్టదు. ఎంత నొక్కాలో ఆ వేళ్లకే తెలుసు. చివర్న ఎండిన మొగలి ఆకు మడిచి రుద్దుతారు. అప్పటిదాకా మసగ్గా ఉన్న ఎరుపు ఒక్కసారిగా తడిసినట్టు మెరుస్తుంది. మన ఇళ్లలో ఆడపిల్లలు ఆడుకున్న లక్కపిడతలకి ఆ మెరుపు అలా వచ్చిందే.

ఇప్పుడు ఇదే ఏటికొప్పాక మీద వచ్చే రీల్స్ చూడండి. పైనుంచి డ్రోన్ షాట్‌లో నది, తర్వాత వరసగా పేర్చిన బొమ్మలు, నవ్వుతున్న ఒక ముసలాయన మొహం, వెనకాల గుండెలు పిండే సంగీతం. ముప్ఫై సెకన్లలో అయిపోతుంది. లేత్ చప్పుడు వినపడదు. చెయ్యి కనపడదు. ఆ ముసలాయన పేరేంటో ఎక్కడా రాయరు. పైగా ‘అంతరించిపోతున్న కళ’ అని ఒక టైటిల్. రేపు ఉదయం మళ్లీ పనిలోకి దిగాల్సిన మనిషికి మనం ఈరోజే సంతాపసభ పెట్టేస్తే ఎలా? చూసినవాడు అయ్యో అనుకుని వేలితో పైకి తోసేస్తాడు. ఆ జాలి వల్ల ఒక్క బొమ్మ కూడా అమ్ముడుపోదు.

పది నిమిషాల సినిమాలో నాలుగు నిమిషాలు మాటల్లేకుండా ఆ లక్క పట్టే పని ఒక్కటే చూపిస్తే ఎవరూ చూడరని మన కుర్రాళ్ల భయం. మాకలా అనిపించడం లేదు. కుమ్మరి సారె దగ్గర, కమ్మరి కొలిమి దగ్గర చిన్నప్పుడు మనందరం గంటలు గంటలు నిలబడ్డవాళ్లమే. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. పనితనం కళ్లెదుట జరుగుతుంటే కాళ్లు కదలవు. ఆ సంగతి తెలిసిన సినిమావాడికి మ్యూజిక్ అవసరం పడదు.

ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయన రంగులు వదిలి జాఫ్రా గింజలు, పసుపు, నీలి లాంటి ప్రకృతి రంగుల వైపు ఆ ఊరిని మళ్లించిన చింతలపాటి వెంకటపతిరాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం మీద ఢిల్లీ వీధిలో ఆ బొమ్మలే ఊరేగాయి, మూడో బహుమతి కూడా తెచ్చాయి. అన్నీ గర్వపడాల్సినవే. అయితే భౌగోళిక గుర్తింపు కాపాడేది పేరుని. వేరే ఊరివాడు ఆ పేరు పెట్టి అమ్మకుండా అడ్డుకుంటుంది. ఆ వేళ్లకి తెలిసిన ఒత్తిడిని అది కాపాడలేదు. అంకుడు కర్ర దొరకడం ఎందుకు కష్టమవుతోందో, దాని కోసం పనివాళ్లు ఎన్ని తిప్పలు పడుతున్నారో అది చెప్పదు. బొమ్మ మీద సినిమా తీసేవాళ్లు ఒక్కరోజైనా ఆ చెట్టు దగ్గరికి వెళ్లాలి. కథ అక్కడ మొదలవుతోంది, షెడ్డులో కాదు.

పైకి వెళ్తే విజయనగరం జిల్లా గొల్లపల్లిలో బొబ్బిలి వీణ. పనస దుంగ ఒక్కటే తీసుకుని, అతుకు లేకుండా తొలిచి చేస్తారు, అందుకే ఏకాండి వీణ అంటారు. చెక్కడం ఒక ఎత్తు, మైనం మీద ఇరవై నాలుగు మెట్లు కూర్చడం ఇంకో ఎత్తు. మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. తీగ మీటుతూ, చెవి ఒగ్గి వింటూ, మళ్లీ జరుపుతూ కూర్చునే ఆ ఓపిక సినిమాకి తప్ప ఇంకే మాధ్యమానికీ దొరకదు. మేం కాగితం మీద ఎంత రాసినా ఆ స్వరం వినిపించలేం, ఒప్పుకుంటున్నాం. పొందూరు ఖద్దరు దగ్గర వాలుగ చేప దవడతో దూది ఏకే ఆడవాళ్లున్నారు. చేప పళ్ల మధ్య నుంచి దూది పోగు పోగుగా శుభ్రపడి బయటికొస్తుంది. ఇది చదివినవాడు నమ్మడు, చూసినవాడు మర్చిపోడు. చేతిపని అనగానే కెమెరా మగవాళ్ల వైపే తిరుగుతుంది గానీ వడకడం, ఏకడం, మెరుగు పెట్టడం, ఎండబెట్టడం, సంతకి మోసుకెళ్లడం చాలాచోట్ల ఆడవాళ్లే చేస్తారు. వాళ్లని వెనకాల నడిచి వెళ్లే మనుషుల్లా కాకుండా, కూర్చోబెట్టి మాట్లాడించాలి.

మాట్లాడించడం అన్నాం కాబట్టి యాస గురించి గట్టిగా చెప్పాలి. “ఏటి బాబూ, ఇదేటి పెద్ద పనా” అని ఆయన అన్న మాటని కోసేసి, దాని మీద స్టూడియోలో కూర్చున్న ఒక గంభీరమైన గొంతు అతికించడం మహా తప్పు. ఉత్తరాంధ్ర కథకులు ఈ మాటని ఎప్పుడో అచ్చుకెక్కించి తెలుగు సాహిత్యంలో సింహాసనం వేశారు. పెద్ద సినిమాలు మాత్రం చాలాకాలం నవ్వించే పాత్రలకే దీన్ని వాడుకున్నాయి. చిన్న సినిమా ఆ పాపం కడుక్కోవచ్చు. అర్థం కాదన్న టెన్షన్ ఉంటే కింద అక్షరాలు వేయండి. మాట మాత్రం ముట్టుకోవద్దు.

చేతిపనుల కోసం దూరం వెళ్లక్కర్లేదు కూడా. పెద జలారిపేటలో చేపల బుట్టలు దింపగానే వేలం పాడే ఆడవాళ్ల లెక్క చూడండి, క్యాలిక్యులేటర్ అందుకోలేదు. ఫైబర్ బోట్లు రాకముందు దుంగలు తాళ్లతో బిగించి తెప్ప కట్టిన పెద్దలు అక్కడ ఇంకా ఉన్నారు. ఒడ్డున కనిపించే కొండల్ని గుర్తు పెట్టుకుని నడిసముద్రంలో వల వేయాల్సిన చోటు పట్టుకునే విద్య వాళ్లది. జీపీఎస్ చేతికొచ్చిన మనవడికి అది అవసరం లేదు. తాత చెబుతుంటే మనవడు వింటూ ఉండగా, ఇద్దర్నీ ఒకే ఫ్రేములో పెట్టి తీయగలిగితే అదే ఒక సినిమా. సింహాచలంలో చందనోత్సవానికి ముందు రోజుల తరబడి సానరాళ్ల మీద గంధపు చెక్క అరగదీస్తారు. లక్షలమంది నిజరూప దర్శనం గురించి మాట్లాడుకుంటాం, ఆ అరగదీసే చేతుల గురించి ఎవరం మాట్లాడుకోం. రోడ్డు పక్కన వెదురు చీల్చి చేటలు, తట్టలు అల్లే మేదరుల్ని సిగ్నల్ పడినప్పుడు చూసి వెళ్లిపోతున్నాం. గుండె మీద తప్పెట కట్టుకుని గంతులేస్తూ కథ చెప్పే తప్పెటగుళ్ల బృందాలు ఊరి జాతరల్లో ఆడుతున్నాయి, వాళ్లని ప్రభుత్వ సభల్లో మంత్రులు వచ్చేదాకా టైమ్‌పాస్‌కి నిలబెడుతున్నారు. వాళ్ల కథ మొదటినుంచి చివరిదాకా ఒక్కసారైనా రికార్డు చేయాలి.

ఇంత తీశాక చూపించేదెక్కడ? 1948లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫిలిమ్స్ డివిజన్ తీసిన చిన్న డాక్యుమెంటరీలు, న్యూస్ రీళ్లు పెద్ద సినిమాకి ముందు హాల్లో వేసేవారు. ఎక్కడెక్కడి నేతగాళ్లనో, కుమ్మర్లనో మన తాతలు అలాగే చూశారు. ఆ అలవాటు పోయింది, ఆ సంస్థ కూడా 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. ఇప్పుడు హాల్లో ఆ పదిహేను నిమిషాలూ ప్రకటనలే. నగరంలోని థియేటర్లవాళ్లని మేం కోరేది చిన్నదే: వారానికొక స్థానిక షార్ట్ ఫిల్ము, ఐదు నిమిషాలు, టికెట్ ధర పెంచకుండా. ఆర్టీసీ కాంప్లెక్సులో, రైల్వే స్టేషన్లో, ఎయిర్‌పోర్టులో గోడలకి తగిలించిన టీవీల్లో తిరిగే ప్రకటనల మధ్య ఒక ఏటికొప్పాక, ఒక గొల్లపల్లి పెట్టడానికి అధికారులకి పెద్ద ఖర్చు లేదు. ఆంధ్రా యూనివర్సిటీలో రంగస్థల కళల విభాగం ఉంది, జర్నలిజం ఉంది, మానవశాస్త్రం ఉంది. ముగ్గురూ కలిసి కూర్చుంటే తీసిన ప్రతి సినిమాకీ ఒక కాపీ, ఎడిటింగ్‌లో వదిలేసిన ఫుటేజీతో సహా, భద్రంగా ఒకచోట దాచే ఏర్పాటు చేయొచ్చు. యూట్యూబ్ అకౌంట్ పాస్‌వర్డ్ మర్చిపోతే పోయే చరిత్ర కాకూడదిది.

డబ్బు సంగతి కూడా మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. షూటింగ్ పేరుతో ఒక పనివాణ్ణి రోజంతా కూర్చోబెడితే ఆయనకి ఆ రోజు కూలి పోయినట్టే. “మీ గురించి ప్రపంచానికి చెబుతున్నాం కదా” అనడం న్యాయం కాదు. కెమెరా అద్దెకి, టీ టిఫిన్లకి లెక్క రాసుకున్నట్టే ఆయన రోజు కూలి కూడా ముందే లెక్కలో రాసుకోవాలి. 2023లో కేంద్రం తెచ్చిన విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులున్నాయి, బొమ్మలు చేసేవాళ్లు, పడవలు కట్టేవాళ్లు, వలలు అల్లేవాళ్లు, బుట్టలు అల్లేవాళ్లు అందులో ఉన్నారు. పనిముట్లకి సాయం, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తున్నారు. సంతోషం. ఆ పనితనాన్ని రికార్డు చేయడానికి కూడా కొంత సొమ్ము పక్కన పెట్టమని, రాష్ట్ర ప్రభుత్వం చేతివృత్తులకి పెట్టే ఖర్చులోనూ దానికో వాటా ఉంచమని అడుగుతున్నాం. సినిమా చివర్న కొనాలనుకున్నవాళ్లు ఎక్కడికి రావాలో, బొమ్మ ధర ఎంతో కూడా వేయాలి. ధర చెబితే కళ మైల పడిపోదు.

ఇంకొక్క మాట. ఇలాంటి సినిమాల మొదటి ఆట బీచ్ రోడ్డు ఆడిటోరియంలో, బొకేల మధ్య వేయొద్దు. ఏ ఊళ్లో తీశారో ఆ ఊళ్లోనే సాయంత్రం పని దిగాక, గుడి ముందో స్కూలు ఆవరణలోనో తెల్ల పంచె కట్టి వేయండి. పనివాళ్లు కుటుంబాలతో వచ్చి కూర్చుంటారు. తమని తాము చూసుకుని నవ్వుకుంటారు, పక్కవాడి ఉలి పట్టు చూసి ఏదో అంటారు. వాళ్లలో ఎవరో ఒకరు లేచి, “బాగానే తీసేరు గానీ బాబూ, లక్క అంటుకునే ముక్క మజ్జిన కోసేసేరు” అంటారు. అది రాసుకోండి. ఎడిటింగ్ టేబుల్ దగ్గరికి వెళ్లి ఆ ముక్క తిరిగి పెట్టండి. ఆ తర్వాత విశాఖ తీసుకురండి, మేం ముందు వరసలో కూర్చుని చూస్తాం.