మెదడు కాపలా సిబ్బందికి బహిరంగ లేఖ

మెదడులో రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియా వారికి,

విషయం: డ్యూటీ దిగకపోవడం గురించి.

ఆర్యులారా, మామూలుగా ఏ ఆఫీసు మీద ఫిర్యాదైనా సిబ్బంది సీట్లో ఉండరనే. మీ మీద నాది దానికి పూర్తిగా తలకిందులు. మీరు సీట్లోంచి లేవరు, చేతిలో పని ఆపరు.

మీ సర్వీసు రికార్డు తిరగేశాను లెండి. 1919లో స్పెయిన్‌లో పియో దెల్ రియో ఓర్తేగా మీకు ఈ పేరు పెట్టాడు. పిండం దశలోనే పచ్చసొన సంచిలో పుట్టి మెదడులో చేరిపోయారు, అప్పట్నుంచి మీలో కొందరికి 20 ఏళ్లు దాటినా బదిలీ లేదు. చిన్నప్పుడు మాకు అక్కర్లేని నరాల కనెక్షన్లు కత్తిరించిందీ, సూక్ష్మజీవి చొరబడినా చచ్చిన కణం పడి ఉన్నా సన్నని చేతులు చాచి తడిమి మింగేసేదీ మీరే. కాదనను.

కానీ పనైపోయాక చల్లబడాలి కదా! వయసు పెరిగేకొద్దీ మీకు ఆ సంగతే గుర్తుండటం లేదు. ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ లాంటి, ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) రేపే రసాయనాలను కొద్దికొద్దిగా, జ్వరం కూడా రానంత సన్నగా వదులుతూనే ఉంటారు. వయసుతో పాటు ఒంట్లో నివురుగప్పి ఉండే ఈ మంటకు ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాంచెస్కీ బృందం 2000లో ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు కూడా పెట్టింది. పోనీ చెత్తయినా ఎత్తుతున్నారా? అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో కనిపించే అమైలాయిడ్ ప్రోటీన్ ముద్దలు పక్కనే పేరుకుంటుంటే వాటి చుట్టూ మూగి రభస చేయడం, పైగా కాంప్లిమెంట్ అనే రోగనిరోధక ప్రోటీన్ ముద్ర పడిందన్న సాకుతో పనికొచ్చే కనెక్షన్లను కూడా తినేయడం, ఇదంతా ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో బయటపడింది. చిన్నప్పటి కత్తిరింపు పని ముసలితనంలో మళ్లీ మొదలుపెట్టమని మిమ్మల్ని ఎవరడిగారండీ?

మా పెద్దనాన్న సంగతి చూడండి. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి, ఊరి పేరు చెబితే చాలు పిన్‌కోడ్ ఠక్కున అనేవాడు. మొన్న బీపీ మాత్ర వేసుకుని, డబ్బా మూత బిగించి, కాసేపయ్యాక వచ్చి అదే మూత తీస్తున్నాడు. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని "ఇందాక వేసుకున్నారుగా" అంటే "నేనా? ఎప్పుడు?" అని ఆవిడ మీదే విసుక్కున్నాడు. ఇంటిల్లిపాదీ "వయసు కదా, మామూలే" అని తేల్చేశారు. డాక్టర్‌కి చూపిద్దామంటే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు.

తప్పంతా మాదేనా అంటారు. నిజమే, ముందు మంటా ముందు జబ్బా అన్నది పూర్తిగా తేలలేదు, రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. ట్రెమ్2 జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్లకు అల్జీమర్స్ ముప్పు ఎక్కువని 2013లో బయటపడింది, మెదడులో ఆ జన్యువు పనిచేసేది ప్రధానంగా మీలోనే, ఆ మార్పుంటే మీరు మందగిస్తారు. అంటే మీరు అతిగా చేసినా మా కొంపే మునుగుతుంది, చెయ్యకపోయినా మా కొంపే! మీ నోరు మూయించే మాత్రా దొరకలేదు. కీళ్లనొప్పుల మందులు వాడేవాళ్లలో అల్జీమర్స్ తక్కువగా కనిపిస్తోందని అమెరికాలో వృద్ధులకు నాప్రాక్సెన్, సెలెకాక్సిబ్ ఇచ్చి చూశారు, గుండెకు ప్రమాదమేమోనన్న భయంతో 2004లో ఆపేశారు, లాభమూ తేలలేదు. (మెడికల్ షాపుకు బయల్దేరిన బాబాయిలు కాస్త ఆగండి.)

ఇక మిమ్మల్ని రెచ్చగొట్టే వాళ్లలో మేమే ముందుంటాం, అది దాచను. పొట్ట దగ్గరి కొవ్వు కూడా మీరు వదిలే రసాయనాలనే వదులుతుంది, షుగరూ సిగరెట్టూ దానికి తోడు. 14 కారణాలను సరిచేసుకుంటే ప్రపంచంలో డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతి తప్పే జబ్బుల) కేసుల్లో దాదాపు 45 శాతాన్ని ఆపడమో వాయిదా వేయడమో కుదురుతుందని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ చెప్పింది. బీపీ, షుగర్, పొగ, వాయు కాలుష్యం, చెవుడు, ఒంటరితనం, ఒళ్లు కదల్చకపోవడం అన్నీ ఉన్నాయందులో. మేమది శ్రద్ధగా చదివి, ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ చేసి, సోఫాలోంచి లేవకుండానే మిరపకాయ బజ్జీలు ఆర్డర్ పెట్టుకున్నాం.

కాబట్టి విచారణ జరిపించి జవాబు త్వరగా పంపండి. నాకూ యాభై దగ్గరపడుతోంది. మీ జవాబు చేతికొచ్చే నాటికి, అసలు ఈ ఉత్తరం రాసిందెవరండీ అని మా ఆవిణ్ణి అడిగే స్థితిలో ఉంటానేమో.

ఇట్లు,
మీరు తల లోపలే ఉండి కూడా పలకరించని ఒక యజమాని