తాబేలు గుడ్లు ఇంటికి తెచ్చుకోమన్న మహానుభావులకు

ఎండలు ముదిరాయంటే చాలు, ఆ మెసేజ్ మళ్లీ గ్రూపుల మీద పడుతుంది. 'ఇసుక కాలిపోయి తాబేళ్లకు అన్నీ మగపిల్లలే పుడుతున్నాయి, పదేళ్లలో జాతి అంతం, పాములకూ ఇదే గతి, బీచ్‌లో గుడ్లు కనిపిస్తే తెచ్చి చల్లని గదిలో పెట్టండి' అని. పంపేవాళ్లంతా మంచి మనసున్నవాళ్లే, తిట్టలేను కూడా.

పాముల సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. తాబేళ్లలో ఆడా మగా తేల్చేది గూటి వేడి, పాములకు మనలాగే క్రోమోజోములు. అంతే.

వేడికి మగవి పుడతాయన్నది తలకిందుల మాట. మన తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు గూడు సుమారు 30 డిగ్రీలు దాటితే ఆడపిల్లలు ఎక్కువ, తగ్గితే మగపిల్లలు. మంచినీటి మొసలిది ఇంకో తిరకాసు: 32.5 డిగ్రీల దగ్గర మగవి, అంతకన్నా చల్లబడినా, బాగా వేడెక్కినా ఆడవే ఎక్కువ. న్యూజిలాండ్‌లో బల్లిలా ఉండే టువటారాకు మాత్రం వేడికే మగవి పుడతాయి. మెసేజ్ రాసినాయనది ఆ దేశమేమో.

పదేళ్లలో అంతమా? ఈ ఏడాది పుట్టిన పిల్ల పెద్దదై గుడ్లు పెట్టడానికే పదేళ్లు దాటుతుంది స్వామీ.

అసలు ఘోరం ఆఖరి సలహా. కోడిపెట్ట గుడ్డును రోజూ తిప్పుతుంది, తాబేలు గుడ్డును తిప్పితే చంపినట్టే. పెట్టిన కొన్ని గంటలకే పిండం పైన పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. తర్వాత దొర్లిస్తే అది తెగిపోతుంది. అందుకే హేచరీ (గుడ్లను కాపాడి పొదిగించే చోటు) వాళ్లు గుడ్లు పెట్టిన రాత్రే, తిరగబడకుండా తరలిస్తారు. మీరేమో పొద్దున వాకింగ్‌కెళ్లి, ఏనాటివో తెలియని వంద గుడ్లు క్యారీ బ్యాగులో వేసుకుని, బైక్ మీద స్పీడ్ బ్రేకర్లన్నీ ఎక్కించి తెచ్చి ఏసీ గదిలో పెడతారు. ఆ చలికి మగవీ రావు, ఆడవీ రావు, వాసన వస్తుంది. పోనీ గుడ్లు బతికే ఉన్నాయనుకున్నా, ఆడా మగా తేలేది పొదుగు కాలంలో నడిమి మూడో వంతులో. అది దాటాక ఎంత చల్లబరిచినా మార్పేం ఉండదు. పైగా ఈ తాబేలు 1972 వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్ జీవి. గుడ్లు ఇంట్లో దొరికితే కేసే.

అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. గూడు చల్లగా ఉండాలన్న మాట సబబే, లెక్క తప్పినా జవాబు కుదిరింది. ఆస్ట్రేలియాలో గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తర భాగపు పచ్చ తాబేళ్లలో, ఇంకా ఎదగనివి 99 శాతానికి పైగా ఆడవేనని 2018లో తేలింది. భయపడాల్సింది మగవి కరువవుతాయనే. అందుకే కొన్ని హేచరీల్లో గూళ్ల మీద నీడ వేస్తారు, నీళ్లు చల్లుతారు. అదీ థర్మామీటర్ చూసుకుంటూ.

గూడు కనిపిస్తే చేయి పెట్టకండి. అటవీ శాఖకు ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా కుక్కల్ని అదిలిస్తూ ఉండండి.