పాలమూరుకు రన్‌వే ఎందుకు?

పాలమూరుకు విమానాశ్రయం వద్దు. ఈ మాట ఊరికే అనడం లేదు. మూడు వారాలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, సిమ్యులేటర్‌లో, అంటే తెర మీద విమానం నడిపే ఆటలో, 23 సార్లు కూలిపోయి, అన్నీ బేరీజు వేసుకుని అంటున్నాను. దేవరకద్ర వైపు విమానాశ్రయం కట్టాలని ప్రతిపాదన ఉంది, సర్వేలు జరిగాయి, పేపర్లో కూడా వచ్చింది. రన్‌వే మాత్రం రాలేదు. రన్‌వే రానప్పుడు రన్‌వే అక్కర్లేని విమానం తెచ్చుకోవాలి. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లుగా ఎవరికీ తట్టలేదంటే, పెద్దల దగ్గర మంచి గ్రాఫిక్స్ కార్డు లేదనే అర్థం.

ఆ విమానం పేరు వి-22 ఆస్ప్రే, అమెరికా సైన్యం వాడేది. ఈ రకాన్ని టిల్ట్‌రోటర్ అంటారు. రెక్కల చివర్లలో రెండు ఇంజిన్లు, ఒక్కోదానికి 38 అడుగుల ఫ్యాను. ఫ్యాన్లను ఆకాశం వైపు నిలబెడితే హెలికాప్టర్, ముందుకు వంచితే విమానం. లోపల 24 మంది సైనికులు కూర్చోవచ్చు. మన షేర్ ఆటో లెక్కలో ఎంతమందో మీరే చూసుకోండి. 1989 మార్చి 19న మొదటిసారి ఎగిరింది, 2007లో గానీ కొలువులో చేరలేదు. మధ్యలో 18 ఏళ్లు. పనులు నానడం మన జిల్లాలోనే అనుకునేవాళ్లు ఆ అంకె ఇంకోసారి చదువుకోవాలి.

ఇక నా అర్హత. సిమ్యులేటర్ పాఠంలో మొదటి మాటే లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి ఎత్తే బలం. కల్వకుర్తి లిఫ్ట్, నెట్టెంపాడు లిఫ్ట్, భీమా లిఫ్ట్, కోయిల్‌సాగర్ లిఫ్ట్, ఇన్ని ఎత్తిపోతల పథకాలు చూసిన జిల్లావాడికి లిఫ్ట్ గురించి ఇంకొకరు చెప్పాలా? కింద ఉన్నదాన్ని పైకి ఎత్తడం కష్టం, పైన నిలపడం ఇంకా కష్టం, నడుమ కరెంటు పోతే ఇక దేవుడే దిక్కు. ఆస్ప్రేలో ఒక ఇంజిన్ ఆగిపోయినా రెక్కలో అడ్డంగా పోయే షాఫ్టు వల్ల రెండోది రెండు ఫ్యాన్లనూ తిప్పుతుంది. ఇంజనీర్లు దీన్ని గొప్పగా చెప్పుకుంటారు. ఒక్క మోటరుతో రెండు మళ్లు పారించే మా రైతు దీన్ని చూసి "అయితే ఏంది?" అంటాడు.

అంత అర్హత ఉండీ మొదటి రోజే బోల్తా పడ్డాను. తప్పు నాది కాదు, హెలికాప్టర్‌ది. అంతకు ముందు వారమే హెలికాప్టర్ నేర్చుకున్నాను, అంటే దాన్ని కూల్చడం నేర్చుకున్నాను. హెలికాప్టర్లో ఎడమచేతి లివర్‌ను పైకి లాగితే బలం పెరుగుతుంది. ఆస్ప్రేలో ముందుకు తోస్తే పెరుగుతుంది. నేల దగ్గర పడగానే చేతికి పాత అలవాటు గుర్తొచ్చి లివర్‌ను నా వైపు లాగాను. ఉన్న బలం కూడా పోయి, సరిగ్గా పిల్లలమర్రి ఉండాల్సిన చోట దిగబడ్డాను. ఉండాల్సిన చోట అంటున్నా, ఎందుకంటే సిమ్యులేటర్లో పిల్లలమర్రి లేదు. 700 ఏళ్లదని చెప్పుకునే చెట్టు, 3 ఎకరాలు దాటి పరుచుకున్న చెట్టు. దాని చోట నాలుగు పొదలు, పక్కన అమెరికా గోదాంలాంటి ఒక డబ్బా. అనుమానం వచ్చి నల్లగొండ దాకా పోయి చూశాను. గడియారం సెంటర్లో గడియారం లేదు.

అసలు విద్యంతా లివర్ మీద బొటనవేలి కింద ఉండే చిన్న చక్రంలో ఉంది. ఫ్యాన్లను వంచేది అదే. నా జాయ్‌స్టిక్‌కు ఆ చక్రం లేదు కాబట్టి రెండు బటన్లకు పని అప్పగించాను. 90 డిగ్రీల దగ్గర నిటారుగా లేవాలి. లేచాక పదో పదిహేనో డిగ్రీలు వంచి, వేగం పుంజుకునేదాకా ఓపిక పట్టాలి. రెక్కకు గాలి అందాకే మిగతాది వంచాలి. ఆగలేక ఒకేసారి సున్నాకు వంచామా, ఫ్యాన్లు ఎత్తడం మానేస్తాయి, రెక్క ఇంకా ఎత్తుకోదు. పాత పార్టీకి రాజీనామా చేశాక కొత్త పార్టీ టికెట్ ఇవ్వకపోతే నాయకుడి పరిస్థితి ఎట్లుంటదో అట్లే ఉంటుంది. దిగేటప్పుడు మళ్లీ ఫ్యాన్లు నిలబెట్టాల్సిందే. అంత పెద్ద ఫ్యాన్లు ముందుకు వంగి ఉండగా దిగితే నేలను దున్నుతాయి.

దిగడంలో ఇంకో గండం ఉంది. 40 నాట్ల కంటే, అంటే గంటకు దాదాపు 74 కిలోమీటర్ల కంటే, నెమ్మదిగా పోతున్నప్పుడు నిమిషానికి 800 అడుగుల కంటే వేగంగా కిందికి రావద్దని నియమం. వస్తే, ఫ్యాన్లు తాము తోసిన గాలిలోనే తాము కూరుకుపోతాయి. బురదలో ట్రాక్టర్ చక్రంలా, ఎంత రేజ్ చేస్తే అంత లోతుకు. బయటపడాలంటే ఫ్యాన్లను కాస్త ముందుకు వంచి ఆ గాలిలోంచి జరగాలి. 2000 ఏప్రిల్ 8న ఆరిజోనాలోని మరానాలో 19 మంది మెరైన్లు, అంటే అమెరికా సైనికులు, ఆస్ప్రే కూలి ఇట్లాగే పోయారు. ఇక్కడ నేను నవ్వించను.

మొన్న మా మేనమామ బొంబాయి బస్సుకు ఇంకా టైముందని ఇంటికొచ్చాడు. 20 ఏళ్లుగా అక్కడ బిల్డింగు పని. సంచి గుమ్మం దగ్గర పెట్టి నా వెనక నిలబడ్డాడు.

"ఏందిరా ఇది, ఫ్యానా, ఇమానమా?"

"రెండూ మామా."

"బొంబాయికి ఎంత సేపు పడ్తది?"

"మీది నుంచి పోతే 600 కిలోమీటర్లు. గంటకు 500 పోతది. గంటన్నర లోపలే."

మామ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "బస్సుకైతే రాత్రంతా పడ్తది. ఏదీ, లేపు."

మహబూబ్‌నగర్ బస్టాండ్ నుంచి లేపాను. నిజంగానైతే ఆ గాలికి మిర్చి బజ్జీల బండి రేకులు కొడంగల్ దాకా పోయేవి. 80 డిగ్రీలు. 75. వేగం ఎక్కుతోంది. 60కి వచ్చేసరికి కరెంటు పోయింది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చి రెండేళ్లయింది.

"మల్ల ఎప్పుడొస్తది?"

"వచ్చేస్తది మామా, ఐదు నిమిషాలు."

అరగంట చూసి మామ సంచి భుజానికేసుకున్నాడు. పొద్దున్నే ఫోన్ చేశాడు.

"నేను బొంబాయిల దిగిన. నువ్వు లేచినవా?"