సంసారం అంటే భార్యేనా?

"సంసారం ఎలా సాగుతోంది?" అని ఎవరైనా అడిగితే ఇల్లు, పిల్లలు, ఖర్చుల గురించి చెబుతాం. ఇది ఎన్నో జన్మ అని లెక్క చెప్పం. సంస్కృతంలో మాత్రం ఆ లెక్కే అసలు సంగతి. 'సృ' ధాతువుకు కదలడం, పారడం అని అర్థం. ముందు 'సం' చేరితే తెగకుండా సాగడం: పుట్టడం, చావడం, మళ్లీ పుట్టడం. మనసు అదుపులో లేనివాడు సంసారంలో పడతాడని కఠోపనిషత్తు అన్నది ఈ అర్థంలోనే. గడ్డిపోచ కొసకు పాకిన పురుగు మరో పోచను పట్టుకున్నాకే మొదటిదాన్ని వదిలినట్టు జీవుడు దేహం మారతాడని బృహదారణ్యకోపనిషత్తు పోలిక చెప్పింది.

మాట ఊళ్లు తిరిగితే అర్థం మారుతుంది. మలయాళంలో సంసారమంటే మాట్లాడటం. ఇండోనేషియాలో 'సెంగ్సారా' అంటే బాధ, థాయ్‌లో 'సొంగ్‌సాన్' అంటే జాలి. కంబోడియాలో ఇదే మాట ప్రియుడికో ప్రియురాలికో పేరైంది. వాళ్లింకా పెళ్లిదాకా రాలేదన్నమాట!

మనకొచ్చిన చిక్కు వేరు. తెలుగులో జన్మచక్రం, ఇల్లూ ఇల్లాలూ అనే రెండర్థాలూ బతికే ఉన్నాయి. "సంసారం దుఃఖమయం" అని ప్రవచనకారుడు అంటాడు జన్మచక్రం గురించి. వినేవాడికి ఇల్లాలు గుర్తొస్తుంది. సభ నవ్వుతుంది, ఆయనా నవ్వేస్తాడు. అలా తత్వం మీద వేయాల్సిన నింద ఆడవాళ్ల మీద పడింది. ఇది చిన్న పొరపాటు కాదని నా అభిప్రాయం.

శాస్త్రం ప్రకారం స్వర్గంలోని ఇంద్రుడూ సంసారంలోనే ఉన్నాడు. జ్ఞానం కలగనంతవరకు గుహలోని సన్యాసీ అంతే. జనకుడేమో రాజ్యం ఏలుతూనే జ్ఞాని అనిపించుకున్నాడు. ఇల్లు వదిలితే సంసారం పోదు, అడ్రస్ మారుతుంది. బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడు ఇంకా ముందుకెళ్లి, సంసారానికీ నిర్వాణానికీ తేడాయే లేదన్నాడు.

మమకారం పుట్టేది ఇంట్లోనే కాబట్టి ఈ అర్థం సహజమే అనేవారున్నారు. కొంత నిజమే. మరి పదవి మీద, పేరు మీద, చివరికి ఆశ్రమం మీద ఉన్న మమకారాన్ని ఎవరూ సంసారం అనరేం?

'సంసార సాగరం' వినసొంపుగా ఉంటుంది, కాదనను. కానీ మనకు 'చావుపుట్టుకలు' అనే మంచి మాట ఉంది. ఒకసారి అది వాడి చూడండి, సభలో ఎవరూ పక్కనున్న భార్య వైపు చూసి నవ్వరు.