పూర్తిగా ఏకీభవిస్తున్నాను

ఖైదీలకు పని మీద ఆసక్తి ఎందుకుండదు? కూలి లేకనా? ఛ, అంత మోటు ఆలోచనలు మనకెందుకు! ఓ అధ్యయనం ప్రకారం, జైల్లో పని చేయించే సూపర్‌వైజరు నాయకత్వ శైలిలో ఉందట కిటుకంతా. అది తేల్చడానికో ప్రశ్నావళి. మొదటి వాక్యం: 'మా సూపర్‌వైజరుగారు నాకు స్ఫూర్తినిస్తారు.' ఎదురుగా అయిదు గళ్లు: మొదటిది 'అసలు ఏకీభవించను', అయిదోది 'పూర్తిగా ఏకీభవిస్తున్నాను'.

ఆ ముచ్చట కళ్లారా చూడాల్సిందే. కుట్టుమిషను ముందు ఖైదీ. వెనకాల సూపర్‌వైజరుగారు, నడుముకి తాళంచెవుల గుత్తి. "పేరు రాయక్కర్లేదు, నిర్భయంగా టిక్కు పెట్టు" అంటారు, భుజం మీంచి తొంగిచూస్తూ. పెన్ను నాలుగో గడి దగ్గర తచ్చాడుతుంది. వెనక గుత్తి గల్లుమంటుంది. పెన్ను ఒక్క గెంతులో అయిదో గడిలో పడుతుంది. స్ఫూర్తంటే అదీ! రెండోది: 'ఇక్కడ నా అభిప్రాయానికి విలువుంది.' దీనికి గల్లు కూడా అక్కర్లేదు, దగ్గు చాలు. ఆఖర్న 'ఇంకేమైనా చెప్పదలిస్తే' అంటూ రెండు ఖాళీ గీతలు. అవి నింపేంత అమాయకుడు జైల్లో ఎన్నాళ్లని నెగ్గుకొస్తాడు?

ఈ శైలి మనకి కొత్తా? 19వ శతాబ్దంలో ఇంగ్లండు జైళ్లలో ఇసుక పెట్టెకి పిడి తగిలించి, రోజుకి వేలకొద్దీ చుట్లు తిప్పించేవారు. తయారయ్యే సరుకు సున్నా. తేలిగ్గా తిరుగుతోందనిపిస్తే వార్డరు స్క్రూ బిగించేవాడు. వార్డరుకి అక్కడ ఇప్పటికీ ముద్దుపేరు 'స్క్రూ'.

వేరే శైలీ లేకపోలేదు. 1840లో ఆస్ట్రేలియా దగ్గరి నార్ఫోక్ దీవి జైలుకి అధికారిగా వెళ్లిన అలెగ్జాండర్ మకానకీ పనికీ నడతకీ మార్కులు పెట్టాడు. రాణి పుట్టినరోజున ఖైదీల్ని దీవి మీదకి వదిలేశాడు. పొద్దుగూకాక బుద్ధిగా తిరిగొచ్చారు. 1844లో ఆయన్ని పంపేశారు. తర్వాతి దొర ఏలుబడిలో, 1846లో, ఖైదీల వంటగిన్నెలు లాక్కున్నారు. వాళ్లు తిరగబడ్డారు, నలుగురు జైలు సిబ్బంది చచ్చారు, 12 మంది ఖైదీల్ని ఉరితీశారు. గిన్నెల కోసం! ఆ దొరగారి శైలికి ఏ గడిలో టిక్కు పెట్టాలి?

ఖైదీలతో ఎలా మెలగాలో చెప్పే ఐక్యరాజ్యసమితి వారి 2015 నాటి మండేలా నియమాల్లో 103వది చదవండి: ఖైదీ పనికి న్యాయమైన ప్రతిఫలమివ్వాలి, అందులో కొంత ఇంటికి పంపుకోనివ్వాలి. ఈ ప్రశ్నావళిలో ఆ ఊసే లేదు. సిగ్గుండాలి! రెక్కలు అరగదీయించుకుని చిల్లర విదిల్చి, పైగా ఉత్సాహం ఏదీ అని అడుగుతారా? కూలివ్వండి ముందు. బయటికెళ్లాక అక్కరకొచ్చే పని నేర్పండి. అప్పుడు అడగండి.

ఇంతకీ ఫలితాలు దివ్యంగా వచ్చాయట. ఒక్క కాగితంలోనే నాలుగో గడికి టిక్కు పడింది. పేరు లేదు కదా, పెన్ను రంగు చూసి ఎవడిదో వెతుకుతున్నారు.