సవరణ: 16 శాతం కాదు, 16కు 1

ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) గనుల్లో డంపర్లు తిరిగే హాల్ రోడ్డు గురించి మొన్న రాసినదాంట్లో వాలు 16 శాతం దాటకూడదు అన్నాను. తప్పు. నిబంధన 16కు 1. అంటే 16 మీటర్లు ముందుకెళ్తే 1 మీటరు ఎత్తు, శాతంలో చెబితే 6.25. నేను రాసినట్టు వేస్తే వంద మీటర్లకు 16 మీటర్లు ఎక్కాలి. లోడుతో ఉన్న డంపర్ మూలుగుతూ పాకుతుంది, దిగేటప్పుడు బ్రేకుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. చిన్న ర్యాంపుల దగ్గర మాత్రం 10కి 1 వరకు ఒప్పుకుంటారు. గోదావరిఖని నుంచి మెసేజ్ పెట్టి ఈ తప్పు పట్టుకున్న అన్నకు థాంక్స్. లెక్కల్లో నేనెప్పుడూ ఇంతే.

ఇంకొకటి. గుంతలు పడితే పైన మొరం పోస్తే చాలన్నాను. అదీ సగం మాటే. భూపాలపల్లి వైపు వానాకాలంలో చూడండి, టైరు జాడలో నీళ్లు నిలిచి, పోసిన మొరం కాస్తా కింది బంకమట్టిలో కలిసిపోతుంది. ముందు ఆ మెత్తమట్టి తీసేసి, గట్టి రాయి పొరలు పొరలుగా పోసి రోలర్ తొక్కించాలి. రోడ్డు నడుమ కాస్త ఎత్తు, పక్కన కాలువ ఉండాలి. చక్రం దిగబడితే బండికి అదీ ఎత్తు ఎక్కినట్టే: రోలింగ్ రెసిస్టెన్స్ (చక్రం దొర్లడానికి నేల ఇచ్చే అడ్డు) 1 శాతం పెరిగితే వాలు 1 శాతం పెరిగినట్టే.

పాత పోస్టులో రెండూ దిద్దాను.