నలభైలో మళ్ళీ యూనివర్సిటీకి: ఉద్యోగం మానాలా, ఉంచుకోవాలా?

చాలా ఏళ్ళ విరామం తర్వాత డిగ్రీలో చేరేవాళ్ళు ఉద్యోగం మానేసి పూర్తిగా చదువు మీదే ఉండాలంటారు వాది. ఉద్యోగం ఉంచుకునే చదవాలంటారు ప్రతివాది.

వాది: ముందు గంటలు లెక్కపెట్టండి. యూరప్ క్రెడిట్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, అంటే 1500 నుంచి 1800 గంటల పని. క్లాసులో కూర్చునేది అందులో కొంతే. మిగతాదంతా ఇంట్లో చదవడం, రాయడం, లెక్కలు చేయడం. సగం కోర్సులే తీసుకున్నా 750 గంటలకు తగ్గదు. 40 వారాలకు పంచితే వారానికి దాదాపు 19 గంటలు. ఉద్యోగం చేసి అలసి వచ్చినవాళ్ళు అంత సమయం ఎక్కడి నుంచి తెస్తారండీ?

ప్రతివాది: అందుకే మొదటి సెమిస్టర్‌లో సగం కూడా వద్దు, ఒక్క కోర్సు చాలు. 5 క్రెడిట్ల కోర్సుకు 125 నుంచి 150 గంటలు పడుతుంది. 15 వారాలకు పంచితే వారానికి 8 నుంచి 10. రోజూ ఒక గంట, సెలవు రోజున ఇంకొంచెం.

వాది: మూడేళ్ళ డిగ్రీకి 180 క్రెడిట్లు. ఏడాదికి రెండు కోర్సులతో పద్దెనిమిదేళ్ళు పడుతుంది!

ప్రతివాది: మొదటి సెమిస్టర్ వరకే అన్నాను. తర్వాత ఏడాదికి 30 క్రెడిట్లకు పెంచితే ఆరేళ్ళకు అటూ ఇటుగా పూర్తవుతుంది. బ్రిటన్‌లో 1971లో పాఠాలు మొదలుపెట్టిన ఓపెన్ యూనివర్సిటీ ఇలా పని చేసుకుంటూ చదివేవాళ్ళ కోసం పుట్టిందే కదా. ఒక్క కోర్సుతో మొదలుపెట్టమనడానికి ఇంకో కారణముంది. తిరిగొచ్చినవాళ్ళు మొదటి వారంలో కాకుండా సెమిస్టర్ మధ్యలో తడబడవచ్చు. అసైన్‌మెంట్ల గడువులు ఒక్కసారే వచ్చి పడితే కష్టం. అప్పటికి ఉద్యోగం వదిలేసి ఉంటే వెనక్కి వెళ్ళే దారి ఉండదు.

వాది: కానీ ఉద్యోగస్తులు చదివేదెలా? వారమంతా పుస్తకం ముట్టరు, ఆదివారం ఎనిమిది గంటలు కూర్చుంటారు. అలా చదివింది నిలవదు. మరుపు ఎంత త్వరగా మొదలవుతుందో జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించాడు.

ప్రతివాది: అది పద్ధతిలో లోపం, ఉద్యోగానిది కాదు. రోజూ పుస్తకం మూసి, నిన్నటి పాఠం కాగితం మీద గుర్తున్నంత రాయాలి. రాయలేకపోయిన చోటే తెరిచి చూడాలి. మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం గడిచాక మాత్రం చూడకుండా గుర్తుచేసుకున్నవాళ్ళు దాటిపోయారు. పెద్ద వయసు విద్యార్థులు ఆ ఐదు నిమిషాల తృప్తికే మోసపోతారు. పుస్తకమంతా రంగు గీతలు గీసి, వచ్చేసిందనుకుంటారు.

వాది: ఒప్పుకుంటాను. కానీ లెక్కలు, భౌతికశాస్త్రం లాంటివాటిలో ఆ గంట చాలదు. బీజగణితం, లాగరిథమ్‌లు, భిన్నాలు మరిచిపోయినవాళ్ళు కొత్త పాఠం అర్థంకాక కాదు, పాత మెట్టు విరిగి పడిపోతారు.

ప్రతివాది: దానికి మందు చేరకముందే వేసుకోవాలి. ఎనిమిది వారాల ముందు మొదటి ఏడాది లెక్కల ప్రశ్నపత్రాలు తెచ్చి నేరుగా చేసి చూడాలి. ఎక్కడ ఆగిపోతే ఆ అధ్యాయమే చదవాలి. స్కూలు పుస్తకాలన్నీ మొదటినుంచీ తిరగేస్తే సగంలోనే ఓపిక అయిపోతుంది.

వాది: పాత చదువుకు క్రెడిట్లు ఇస్తారు కదా, వాటితో కాలం తగ్గించుకోవచ్చు.

ప్రతివాది: అడగండి, చేరకముందే అడగండి. మార్కుల జాబితా ఒక్కటే తీసుకెళ్తే చాలకపోవచ్చు, ఆనాటి సిలబస్ కూడా చూపించాలి. అయితే పునాది కోర్సులకు మినహాయింపు ఇస్తానన్నా తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం. పదేళ్ళ కింద పాసైన గణితానికి క్రెడిట్ తీసుకుంటే నేరుగా రెండో ఏడాది కోర్సులో కూర్చోవాల్సి వస్తుంది.

వాది: ఆ మాట నిజం. మరి ల్యాబులు? అవి పగటిపూటే ఉంటాయి. ఏ మేనేజరు రోజూ పదింటికి వదులుతాడు?

ప్రతివాది: అక్కడ మీ వాదనే నెగ్గుతుంది. ల్యాబులున్న ఏడాదికి జీతం లేని సెలవు అడగాలి. అది దొరకకపోతే ల్యాబులున్న సబ్జెక్టు ఎంచుకునేవాళ్ళు ఉద్యోగం మానక తప్పదు. అప్పుడైనా ఫీజు ఒక్కటే ఖర్చనుకోవద్దు, పోయే జీతం చాలాసార్లు అంతకంటే పెద్దది.

వాది: మీరూ ఒకటి చూసుకోండి. స్కాలర్‌షిప్పులు, విద్యా రుణాలు చాలాచోట్ల కనీసం ఇన్ని క్రెడిట్లు తీసుకోవాలని షరతు పెడతాయి. సగానికి తగ్గగానే ఆగిపోతే?

ప్రతివాది: కోర్సు తగ్గించుకునే ముందే ఆ షరతు కాగితం మీద చదవాలి. ఫలితంపై మచ్చ పడకుండా కోర్సు వదులుకునే చివరి తేదీని మొదటి రోజే క్యాలెండర్‌లో రాసుకోవాలి. చెప్పకుండా మానేస్తే చాలాచోట్ల అది ఫెయిల్‌గానే నమోదవుతుంది, తర్వాత ఎక్కడ దరఖాస్తు చేసినా కనిపిస్తుంది.